చక్రాల ఇల్లు ఒరిగిన సాయంత్రం

బావ పోయాక అక్కకి ఇల్లు మరీ పెద్దదైపోయింది. "పొద్దున్నే లేచి గది గదికీ వెళ్ళి కిటికీలు తీయడం, సాయంత్రం గది గదికీ వెళ్ళి మూయడం. ఇదేనే ఇప్పుడు నా ఉద్యోగం" అనేది. జీవితమంతా ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా తిరిగిన మనిషి. కాళ్ళకి పని లేకపోతే ఆవిడకి తోచదు. నా సంగతి దానికి పూర్తిగా వ్యతిరేకం. బట్టలు సరిచేసే చిన్న కొట్టు, కొట్టు మీద ఒకే ఒక్క గది. మంచం దిగితే కుట్టుమిషను, మిషను దగ్గర లేస్తే పొయ్యి. పెళ్ళి పెటాకులు లేని మనిషిని, నాకది చాలు.

ఒకరోజు నేను ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తుంటే అక్క వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"ఏమే చిట్టీ, మనిద్దరం కలిసి ఉందామా?"

"మీ ఇంట్లోనా?"

"కాదు. చక్రాల మీద."

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ట్రైలర్ ఇల్లట. అందులోనే పడక, పొయ్యి, బీరువా. నచ్చిన చోట ఆపుకోవచ్చు, విసుగొస్తే ఇంకో చోటికి పోవచ్చు. పెద్ద ఇల్లు అమ్మేసి అందులోనే ఉండిపోదామని ఆవిడ ఆలోచన.

"ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అన్నారక్కా" అన్నాను నవ్వుతూ.

"ఆలి లేకపోతేనేం, మర్కటానివి నువ్వున్నావుగా" అంది.

అమ్మ మంచాన పడ్డప్పటి నుంచీ నాకు జడలు వేసిందీ, ముద్దలు పెట్టిందీ అక్కే. నాకంటే పదేళ్ళు పెద్దది. ఆవిడ పెళ్ళయి వెళ్ళిపోయిన తర్వాత మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్నదే లేదు. అందుకే పెద్దగా ఆలోచించకుండానే సరేనన్నాను.

పాత ట్రైలర్లు అమ్మే ఆయన మంచివాడు. "కొనేముందు ఓ వారం వాడి చూడండమ్మా. అందరికీ పడదు ఇది" అన్నాడు. ఆయన చూపించింది లేత పసుపు రంగుది, వీపు గుండ్రంగా ఉంది. అక్క దానికి అప్పటికప్పుడే నత్త అని పేరు పెట్టేసింది. నాలుగు మూలలా కిందికి దించి నిలబెట్టే ఇనుప కాళ్ళు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. "కారుకి తగిలించే ఉంచండి, పడిపోదు. మనిషి కదిలితే కాస్త ఊగుతుంది, అంతే. అలవాటైపోతుంది" అన్నాడాయన.

ఊరికి దూరంగా, రిజర్వాయరు ఒడ్డున, ఇలాంటి బళ్ళు ఆపుకునే మైదానం ఒకటి ఉంది. సెలవుల్లో కిటకిటలాడుతుందట. మేం వెళ్ళేసరికి ఒక్క బండీ లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఈ చలిలో ఎవరూ రారమ్మా. కుళాయి ఆ చివర స్నానాల గదుల దగ్గరుంది, అదొక్కటే పనిచేస్తుంది" అని చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే మొదట్లో చాలా బాగుంది. వెనక కిటికీ కింద అక్క పడక, ముందు వైపు బల్ల మీద నా పడక, మధ్యలో పక్కకి తలుపు. ఒకళ్ళు నిలబడితే రెండోవాళ్ళు కూర్చోవాల్సిందే. ఒకళ్ళ మోచెయ్యి ఇంకొకళ్ళ వీపుకి తగలాల్సిందే. అక్క పొయ్యి మీద టీ పెడుతూ, "ఇంత పెద్ద వార్డుల్లో తిరిగానే, ఏ మూల ఏ మందుందో ఎప్పుడూ వెతుక్కోవడమే. ఇక్కడ చెయ్యి చాస్తే అన్నీ దొరుకుతున్నాయి" అని మురిసిపోయింది. నా కాళ్ళ మీద దుప్పటి సర్దింది. చిన్నప్పుడు సర్దినట్టే.

ఊగడానికి మాత్రం అలవాటు పడాలి. నత్తకి ఉన్నది ఒకటే జత చక్రాలు, సరిగ్గా నడుమన. తక్కెడ లాంటిదన్నమాట. అక్క వెనక్కి నడిస్తే వెనక దిగుతుంది, నా వైపు లేస్తుంది. ఎవరైనా బయట మెట్టు మీద కాలు పెడితే ముందు తలుపు వైపు ఒరుగుతుంది, లోపలికొచ్చాక తేరుకుంటుంది. కళ్ళు మూసుకున్నా సరే, రెండో మనిషి ఎక్కడుందో ఒంటికి తెలిసిపోతుంది. కప్పులో టీ చెబుతుంది, గోడకి తగిలించిన గరిటె చెబుతుంది.

రాత్రిళ్ళు అక్క నడుస్తున్నట్టు తెలిసేది. వెనక నుంచి మధ్యకి, మధ్య నుంచి మళ్ళీ వెనక్కి. మెల్లిగా. నా వైపు కాస్త దిగి, కాసేపు అలాగే ఆగి, మళ్ళీ లేచేది. బావ గుర్తొస్తున్నాడేమో, నిద్ర పట్టడం లేదేమో అనుకుని నేను కళ్ళు తెరవలేదు. మనిషికి కాస్త చాటు లేని చోట, చూడనట్టు ఉండడమే మర్యాద కదా.

ఒక పొద్దున తల దువ్వుకుంటూ అక్కే అడిగింది. "చిట్టీ, పక్క కుదరడం లేదా నీకు? కావాలంటే వెనక పడక నువ్వు తీసుకో."

"నాకేం, హాయిగా ఉంది. నీకే నిద్ర పట్టడం లేదుగా."

"నాకా? నేను లేవందే."

"రాత్రంతా నడుస్తూనే ఉన్నావుగా అక్కా."

అక్క దువ్వెన ఆపింది. "నడిచింది నువ్వు కదే. వచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడ్డావు. పిలిస్తే సిగ్గుపడతావని ఊరుకున్నాను."

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. తర్వాత అక్క నవ్వేసింది. "గాలికి ఊగి ఉంటుంది. ముసలాళ్ళిద్దరికీ చాదస్తం" అంది. నేనూ నవ్వాను. కానీ కిటికీలోంచి చూస్తే రిజర్వాయరు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒడ్డున గడ్డిపోచ కూడా కదలడం లేదు. మేం వచ్చిన దగ్గర్నుంచీ గాలన్నదే లేదు.

ఆ మధ్యాహ్నం మంచు దిగింది.

మొదట నీళ్ళ మీద పొగలా లేచింది. తర్వాత ఒడ్డెక్కింది. భోజనం చేసి చేతులు కడుక్కునేలోపు అవతలి గట్టు పోయింది, చెట్లు పోయాయి, స్నానాల గదులు పోయాయి. మా కారు ముందు భాగం కూడా మసకబారింది. పట్టపగలే లోపల దీపం వేసుకున్నాం. ఎక్కడ చూసినా తడి. గోడల మీద తడి, దుప్పట్లలో తడి.

"చీకటి పడితే అస్సలు కనపడదు. ఇప్పుడే నీళ్ళు తెచ్చేస్తాను" అని అక్క డబ్బాలు తీసుకుంది.

"నేనూ వస్తాను."

"ఎందుకు, కుళాయి దాకా దారి నాకు తెలియదా ఏంటి? నా కోటు అంచు ఊడిపోయింది, కుట్టి పెట్టు."

ఆవిడ దిగగానే నత్త తేలికగా పైకి లేచింది. అడుగుల చప్పుడు కాసేపు వినిపించి మంచులో కలిసిపోయింది.

వెలుతురు కోసం నేను అక్క పడక మీద, వెనక కిటికీ కింద కూర్చున్నాను. కోటు ఒళ్ళో పెట్టుకుని రెండు కుట్లు వేశాను. దారం అయిపోయింది. కొత్త దారం సూదిలోకి ఎక్కిస్తుంటే నత్త తలుపు వైపు ఒరిగింది. మెట్టు మీద ఎవరో కాలు పెట్టారు.

"అప్పుడే వచ్చేశావా?" అన్నాను తలెత్తకుండా. సూది బెజ్జం కనపడక అవస్థ పడుతున్నాను.

నత్త తేరుకుంది. మనిషి లోపలికొచ్చినట్టు. తర్వాత నా వైపు దిగడం మొదలుపెట్టింది. ఒక్కో అడుగు... ఆగి... ఇంకో అడుగు. నేల చెక్క కిర్రుమంది. పడక మీద పెట్టిన దారపు ఉండ దొర్లి వెనక గోడకి తగిలింది.

ఒక వాసన వచ్చింది. తడిసిన ఉన్ని బట్టని పెట్టెలో పెట్టి మూసేసి, చాలాకాలానికి తీస్తే వచ్చే వాసన.

అప్పుడు నాకు తట్టింది. తలుపు తీసిన చప్పుడు వినలేదు.

అదే క్షణంలో దూరంగా, మంచుకి అవతల, కుళాయి సన్నటి ధార డబ్బాలో పడుతున్న చప్పుడు. అక్క దగ్గు. ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

సూది పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. నత్త ఇంకొంచెం దిగింది. నా పక్కనే. పరుపు మాత్రం కుంగలేదు. దుప్పటి మీద ముడత కూడా పడలేదు. కానీ ఇల్లంతా నా వైపు ఒరిగి ఉంది. నాలాంటి మనిషి ఇంకొకరు నన్ను ఆనుకుని కూర్చుంటే ఎంత ఒరుగుతుందో, అంత. ఎడమ చెంపకి చలి తగిలింది. ఎవరో వంగి, నేనేం కుడుతున్నానో చూస్తున్నట్టు...

నేను తల తిప్పలేదు. ఆ మాట మాత్రం ప్రమాణం చేసి చెబుతాను. తల తిప్పలేదు.

తర్వాత నాకు తెలిసింది అక్క గొంతు. తలుపు తెరిచి ఉంది. ఆవిడ ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండు డబ్బాలతో అలాగే ఆగిపోయి ఉంది. బయట తెల్లగా ఉన్న మంచు బూడిద రంగులోకి మారిపోయింది. అంత సేపు ఎలా గడిచిందో నాకు తెలియదు. ఒళ్ళో కోటు చూసుకున్నాను. అంచు చివరిదాకా కుట్టేసి ఉంది. ముడి కూడా వేసి ఉంది.

"చిట్టీ" అంది అక్క చాలా నెమ్మదిగా. "నేను కాలు పెడితే ఇది నా వైపు ఒరగడం లేదేంటి?"

నేను కోటు అంచు మీది ముడిని వేలితో తడిమాను.

"ఇంత వెనక్కి ఎందుకు దిగింది? నువ్వొక్కదానివే కదా?"

"అక్కా..."

"మాట్లాడకు. లేచి రా. పక్కకి చూడకుండా రా."

లేచాను. కాళ్ళు నావి కానట్టున్నాయి. తలుపు దాకా నాలుగడుగులు లేవు, నాకది వీధి పొడవనిపించింది. అక్క చెయ్యి అందింది, దిగాను. ఇద్దరం వెనక్కి వెనక్కి నడిచి నిలబడి చూశాం.

లోపల ఎవరూ లేరు. దీపం వెలుగులో మూల మూలా కనిపిస్తోంది. దాక్కోవడానికి చోటే లేని ఇల్లు అది. అయినా వెనక భాగం దిగే ఉంది. మేం చూస్తుండగానే మెల్లిగా లేచింది. సమానమైంది. తర్వాత ముందు వైపు దిగింది. కారు వెనక భాగం దానితో పాటు కిందికి కుంగింది.

"కారు వైపు పోతోంది" అంది అక్క గుసగుసగా.

"కారెక్కేద్దాం అక్కా. పోదాం."

"దీన్ని వెంటేసుకునా?"

ఆ మాటకి నా పై ప్రాణాలు పైనే పోయాయి. నిజమే. నత్త కారుకి తగిలించే ఉంది. మేం ఎక్కడికి పోతే అక్కడికి అదీ వస్తుంది.

అక్క తలుపు మూసింది. ఇద్దరం ముందుకెళ్ళాం. విప్పడం మాకు తెలుసు, నత్తని ఇచ్చినాయన చూపించాడు. కారు వెనక ఇనుప గుండు ఉంటుంది, ట్రైలర్ మూతికి ఉన్న గిన్నె లాంటి కొక్కెం దాని మీద బోర్లించి ఉంటుంది. మూతి కింద ఒక చిన్న చక్రం, దానికో పిడి. పిడి తిప్పితే మూతి పైకి లేస్తుంది, మీట లాగితే విడిపోతుంది. పిల్లలు కూడా చేయగల పని.

నేను పిడి తిప్పాను. మూతి కాస్త లేచింది. ఇంకో చుట్టు... ధన్‌మని దిగిపోయింది. పిడి నా చేతిలోంచి జారి వెనక్కి తిరిగింది.

మళ్ళీ తిప్పాను. మళ్ళీ అదే. తిప్పినంతసేపూ ఊరుకుంటుంది. లేవబోయేసరికి బరువు పడుతుంది. మా మొహాలకి ఎదురుగా, రేకు గోడకి అవతల, ఎవరో నిలబడి కాలితో నొక్కి పట్టినట్టు.

"ఇక్కడే నిలబడింది" అంది అక్క. చేతులు తుడుచుకుంది. భయపడ్డ మనిషిలా లేదు. వార్డులో ఏదైనా జరిగినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉండేదో నాకప్పుడు తెలిసింది. "నేను వెనక్కెళ్ళి పిలుస్తాను. అటు వస్తే మూతి లేస్తుంది. నువ్వు లాగెయ్."

"వద్దక్కా... ఒక్కదానివే వద్దు..."

"జ్వరంలో లేచి తిరిగే వాళ్ళని ఎంతమందిని పడక దాకా పిలుచుకొచ్చానో. ఇదీ అంతే. మీట వదలకు."

ఆవిడ వెనక మూలకి వెళ్ళింది. చీకటి పడుతోంది. మంచులో ఆవిడ ఆకారం బొగ్గుతో గీసినట్టుంది. వెనక కిటికీ అద్దం మీద వేలి కణుపుతో కొట్టింది. టక్. టక్.

"రామ్మా" అంది. అంత మెత్తని గొంతు నేను ఎన్నాళ్ళుగానో వినలేదు. "ఇటు రా... భయం లేదు... నేనున్నాగా... ఇటు..."

కాసేపు ఏమీ లేదు. తర్వాత నేల చెక్క కిర్రుమంది.

మూతి తేలికైంది. నేను తిప్పాను. ఇంకో చుట్టు. ఇంకోటి. బరువు దూరంగా జరుగుతోంది. మూతి లేస్తోంది.

"ఊఁ" అంది అక్క అటు నుంచి. "వింటున్నాను."

ఎవరితో అంటోందో నాకర్థం కాలేదు. నాకేమీ వినిపించడం లేదు.

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

మూల నుంచి వంగి నా వైపు చూసింది. మంచులో మొహం పాలిపోయి ఉంది. నన్నే చూస్తోంది, కానీ నన్ను గుర్తుపట్టనట్టు చూస్తోంది.

"అక్కా..." అన్నాను గుసగుసగా. "లేచింది... లాగెయ్యనా?"

ఆవిడ తల తిప్పి కిటికీలోకి చూసింది. మళ్ళీ నన్ను చూసింది. మళ్ళీ కిటికీని. ఒక మనిషి అంత సేపు అలా చూడడం నేనెప్పుడూ చూడలేదు. నేను మీట వదల్లేదు.

"లాగెయ్" అంది చివరికి.

లాగాను. కొక్కెం గుండు మీంచి ఎగిరి వచ్చింది. మూతి ఆకాశం వైపు లేచింది, వెనక భాగం దభీమని నేల మీద పడింది. లోపల కప్పులు, గిన్నెలు అన్నీ ఒక్కసారిగా దొర్లాయి. ఆ చప్పుడు ఆగాక ఇంకో చప్పుడు. అరచేతులతో అద్దం మీద కొడుతున్నట్టు. ఆగకుండా.

అక్క రెండు చెవులూ మూసుకుని పరుగెత్తుకొచ్చింది. కారెక్కాం. ముందు రెండు బారల దారి తప్ప ఏమీ కనపడదు. ఆవిడ ఒక చేత్తోనే నడిపింది. రెండో చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. గేటు దాటాం, మట్టి దారి దాటాం, తారు రోడ్డెక్కాం. ఆ పట్టు వదల్లేదు. ధైర్యం చెప్పడానికి అనుకున్నాను. చాలాసేపటికి గానీ తెలియలేదు, వేళ్ళు నాడి మీద ఉన్నాయని.

పెట్రోలు బంకు దీపాల కింద ఆపి నా మొహం వెలుతురు వైపు తిప్పింది. కనురెప్ప ఎత్తి చూసింది.

"అమ్మ పేరేంటి?"

"అదేం ప్రశ్న అక్కా?"

"చెప్పవే."

చెప్పాను. అమ్మ పేరు, నాన్న పేరు, ఆవిడ పేరు, నా పేరు. ఆవిడ స్టీరింగు మీద తల ఆనించి చాలాసేపు ఉండిపోయింది.

నత్తని ఇచ్చినాయన మర్నాడు ట్రాక్టరు పంపించి నత్తని తెప్పించుకున్నాడు. నాలుగు కప్పులు పగిలాయి, అంతకంటే ఏమీ లేదన్నాడు. మా సామాన్లు మాకు పంపేశాడు. ఆ మాట చాలా రోజులు ఇద్దరం ఎత్తలేదు. నన్ను ఒంటరిగా కొట్టు మీద గదిలో ఉండనివ్వలేదు అక్క. తన ఇంటికి తీసుకొచ్చేసింది. కానీ రాత్రి కాగానే తన గది తలుపు గడియ పెట్టుకునేది.

ఒక మధ్యాహ్నం నేనే అడిగాను. "ఆ రోజు లోపలి నుంచి నీకేం వినిపించింది?"

అక్క నా మొహం చూడకుండా చెప్పింది. "నువ్వు. ఏడుస్తున్నావు. 'అక్కా, నేను ఇంకా లోపలే ఉన్నాను, బయట నీ దగ్గరున్నది నేను కాదు, తలుపు తియ్యి' అన్నావు. అద్దంలో ఏమీ లేదు. గొంతు మాత్రం నీదే. ఇటు చూస్తే కారు దగ్గర నువ్వున్నావు. చెవుల్ని నమ్మాలో, కళ్ళని నమ్మాలో... కళ్ళనే నమ్మానే."

"మంచి పని చేశావు" అన్నాను. ఇంకేమనాలి?

అప్పటి నుంచి ఆవిడ మాటల మధ్యలో ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది. స్కూలు గోడకి ఏ రంగుండేది, నా మోకాలి మీద మచ్చ ఎలా పడింది. అన్నీ సరిగ్గానే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ ఆవిడ మొహం కాస్త తేటపడేది. నిన్న ఇద్దరం ఆరిన బట్టలు మడతపెడుతున్నాం. మాటల్లో తన చిన్నప్పటి జ్వరం గురించి చెప్పింది. ఊళ్ళో వాళ్ళందరికీ వచ్చిందట, తను బతుకుతుందో లేదో అనుకున్నారట.

"గుర్తులేకేం" అన్నాను. "నీ పక్కన కూర్చుంది నేనేగా."

అక్క చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"అప్పుడు నాకు ఆరేళ్ళే" అంది మెల్లిగా. "నువ్వు పుట్టనే లేదు. అమ్మా నాన్నా పనికి పోయేవాళ్ళు. గదిలో నేనొక్కదాన్నే ఉండేదాన్ని."

అవును, లెక్క వేస్తే అంతే. నేను పుట్టలేదు.

కానీ నాకు గుర్తుంది. చిన్న గది, పక్కన ఇత్తడి గిన్నెలో నీళ్ళు. తడిగుడ్డ పిండి నుదుటి మీద వేసిన ప్రతిసారీ అక్క కళ్ళు తెరవకుండానే తడుముకుని నా చూపుడువేలు పట్టుకునేది. చిన్న చెయ్యి, నిప్పులా కాలిపోతూ ఉండేది. ఆ వేడి ఈ వేలికి ఇంకా తెలుస్తూనే ఉంది.